వీధిపోటు ఇల్లు

నవంబర్ 9

పై వాటా తాళంచెవులు నా చేతిలో పెట్టి సుబ్బరావమ్మ గారు ఇవాళ పెదకాకాని వెళ్ళిపోయారు. అక్కడ, చెల్లెలు వాకిట్లోంచి పిలిస్తే పలికేంత దగ్గర్లో, రెండు గదుల ఇల్లు చూసుకున్నారు. ఇది అమ్మితే అది కొనాలి. ఈలోపు అందులోనే అద్దెకుంటారట. ఇంటి ఓనరు అద్దెకి, అద్దెకున్న నేను తాళాలకి.

"చూడ్డానికి మనుషులొస్తారు, నువ్వే చూపించమ్మాయ్. బ్రోకరు చేతికి తాళాలిస్తే ఇల్లు సత్రం అవుద్ది" అన్నారు ఆటో ఎక్కుతూ.

కొన్నవాళ్ళు మమ్మల్ని కింది వాటాలో ఉండనిస్తారో లేదో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా అమ్మాయి అఖిల ఇంటర్ పరీక్షలయ్యేదాకా ఉండనిస్తే చాలు. తర్వాత ఎక్కడో ఒక చోట.

నాకు ఇల్లు కొనే ఉద్దేశం లేదు. ఆ స్తోమతా లేదు.

నవంబర్ 12

బ్రోకరు శివనాగరాజు వచ్చాడు. గేటు దగ్గరే మొదలుపెట్టాడు. "రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయి కదా మేడం, గుంటూర్లో ఇప్పుడు అమ్మేవాళ్ళ రోజులు. ఇవాళ చూసిన ఇల్లు రేపుండదు."

ఇంతలో సుబ్బరావమ్మ గారి ఫోను. నా ఎదురుగానే ఎత్తాడు. "కొనేవాళ్ళేరండీ? మొత్తం కొనేవాళ్ళ చేతిలో ఉంది. మీరు కాస్త దిగాలి."

ఫోను పెట్టేశాక అడిగాను, ఏది నిజం నాయనా అని. ఏమీ సిగ్గుపడలేదు. "రెండూ నిజమే మేడం. ఎవరి పక్కన నిలబడితే అది నిజం."

పద్దెనిమిదేళ్ళుగా కాలేజీలో ఎకనామిక్స్ క్లాసులో బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట ధర ఉంటుందని చెబుతున్నాను. పిల్లలు రాసుకుంటున్నారు.

నవంబర్ 16

పిడుగురాళ్ల నుంచి భార్యాభర్తలు వచ్చారు. సున్నం బట్టీ ఉందట. ఆవిడకి ఇల్లు నచ్చింది. మేడమెట్ల కింద గూడు చూసి "పచ్చళ్ళ జాడీలకి బాగుంటది" అంది. ఆ గూట్లో మా జాడీలే ఉన్నాయి.

పై వాటా చూపిస్తూ, వానాకాలం వెనక గది గోడకి తేమ వస్తుందని చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. కిందికి దిగాక ఆవిడ గేటు బయట నిలబడి ఎదురు వీధి వంక చూసింది. "సరిగ్గా ఇంటికే తగులుతోందా?" అంది. "గేటుకి కాదండీ. గేటుకి పడమరగా. వాయవ్యంలో" అన్నాను.

వాయవ్యం అన్న మాట నేను అనక్కర్లేదు. కాస్త పడమరగా అంటే చాలు. ఆవిడ మొగుడి మోచెయ్యి పట్టుకుంది. కాఫీ కలిపి తెచ్చేసరికి కారు లేదు.

నిజమే కదా చెప్పింది.

నవంబర్ 23

ఇవాళ వచ్చినాయన వీధిపోటు గురించి అడగలేదు. తేమ గురించీ అడగలేదు. ఆయనకి తెలియక అడగలేదు. తెలియనివాళ్ళకి దాచి అమ్మడం పాపం. అందుకని చెప్పాను.

ఆయన వెళ్ళాక అఖిల లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా అంది: "అమ్మా, నువ్వు వాళ్ళకి ఇల్లు చూపిస్తున్నావా, దాని జబ్బు చూపిస్తున్నావా?"

పక్కింటి చలమయ్య గారు అరుగు మీద కూర్చుని అంతా చూస్తుంటారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి మానేసిన మనిషి. "ఏం లెక్చరరమ్మా, ఈయన కూడా జారిపోయాడా" అన్నారు. జాలిగానే అన్నారు. "ఆ పోటు సంగతి నేను సుబ్బరావమ్మక్కయ్యకి పాతికేళ్ళ నుంచీ చెబుతున్నా" అన్నారు.

నవంబర్ 24

తేమ మచ్చ పగలే కనిపిస్తుంది. నిన్న దాని పైన లైటు వేశాను.

నవంబర్ 27

క్లాసు లేకపోతే బ్యాంకుకి వెళ్ళాను. ఊరికే కనుక్కుందామని. నా జీతానికి ఎంత లోను వస్తుందో చెప్పారు. అదీ, నేను దాచుకున్నదీ కలిపితే సుబ్బరావమ్మ గారు అడుగుతున్న రేటుకి కాస్త కిందకొచ్చి ఆగుతుంది. ఆవిడ కాస్త దిగితే

ఈ వాక్యం పూర్తి చెయ్యను.

డిసెంబర్ 1

మూఢం వచ్చింది. శుక్రుడు కనపడడు కాబట్టి ఫిబ్రవరి దాకా పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. శివనాగరాజు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఇంక ఫాల్గుణం దాకా ఇల్లు అడిగే నరమానవుడు ఉండడు మేడం."

అరుగు మీంచి చలమయ్య గారు అందుకున్నారు. "అందుకే నేనే ఓ మాట చెప్పా అక్కయ్యకి. ఎవరూ రాకపోతే నేను తీసుకుంటాలే, అడిగిన దాంట్లో ముప్పావు వంతు ఇస్తా అని. పక్కవాణ్ణి కదా, ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా."

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకుంటది. ఏసీలో పెట్టిన మిరపకాయలు కాదుగా, రేటొచ్చేదాకా దాచుకోడానికి. ఇంటికి కోల్డ్ స్టోరేజీ లేదమ్మా."

ముప్పావు వంతంటే నాకూ అందుతుంది. ఆ లెక్క వెంటనే మనసులో ఎలా వచ్చిందో తెలియదు. ఆయన మాట పూర్తి కాకముందే వచ్చింది.

డిసెంబర్ 7

సరే. రాసుకుంటాను. ఈ డైరీ ఎవరు చదువుతారు గనక.

నాకు ఈ ఇల్లు కావాలి.

పదకొండేళ్ళ కిందట అఖిలని వెంటేసుకుని కొరిటెపాడు, విద్యానగర్, నల్లపాడు రోడ్డు అన్నీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: మీవారు ఎక్కడుంటారు? హైదరాబాదులో అంటే, ఎప్పుడెప్పుడొస్తారు? రారు అంటే, వాటా ఖాళీ లేదు. బయట టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. సుబ్బరావమ్మ గారు మాత్రం తలుపు తీసి, "నీళ్ళ మోటరు వెయ్యడం తెలుసా? మర్చిపోయి వదిలేస్తే ట్యాంకు పొర్లుద్ది" అని అడిగారు. అంతే. మీవారెక్కడని ఆ రోజూ అడగలేదు, ఈ రోజుకీ అడగలేదు.

అలాంటావిడ ఇంటి గోడ మీద మచ్చకి లైటు వేసి చూపించాను.

కానీ నేను అబద్ధం చెప్పలేదు. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. మచ్చ ఉంది. పోటు ఉంది.

ఉన్నవి చెప్పినందుకు ఇంత బరువుగా ఎందుకుందో.

డిసెంబర్ 14

మధ్యాహ్నం శివనాగరాజు టేపు పట్టుకుని వచ్చాడు. మా తూర్పు గోడ దగ్గర ఒక కొస పెట్టి, దాని మీద ఇటుకరాయి ఉంచి, కొలుచుకుంటూ పడమటి పిట్టగోడ దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి చుట్టేస్తాడనుకున్నాను. చుట్టలేదు. టేపు పిట్టగోడ మీదుగా అవతలికి అందించాడు. అవతల చలమయ్య గారు అందుకుని, ఆ వయసులో పంచె ఎగ్గట్టి, తన స్థలం చివరి గోడ దాకా లాక్కుపోయారు.

రెండు స్థలాలకీ ఒకటే టేపు.

"ఏమిటి నాగరాజూ?"

"ఏంలేదు మేడం, చలమయ్య గారు గోడ కట్టిస్తారంట."

మధ్యలో గోడ కట్టేవాళ్ళకి చివర్ల కొలతలెందుకు?

లోపలికొచ్చి అఖిల రఫ్ పుస్తకంలో కాగితం చింపి గీశాను. మా స్థలం, దానికి పడమర పక్కన చలమయ్య గారిది, రెండూ ఉత్తరం ముఖం. ఉత్తరం నుంచి ఎదురు వీధి వచ్చి మా గోడకి తగులుతుంది, పడమటి సగంలో. ఉత్తరంలో పడమటి వైపంటే వాయవ్యం. ఆ పోటు ఇంటిని తినేస్తుందని ఇక్కడ అందరూ నమ్ముతారు. అదే తూర్పు వైపు తగిలితే ఈశాన్యం పోటు. అది కలిసొస్తుందని వెతుక్కుని మరీ కొంటారు.

అఖిల వచ్చి చూసింది. పెన్సిలు నా చేతిలోంచి తీసుకుని మా రెండు స్థలాల మధ్య గీత చెరిపేసింది. రెండూ కలిపి ఒకటే పెట్టె అయ్యాయి. ఇప్పుడు ఆ వీధి పెట్టెకి తూర్పు సగంలో తగులుతోంది.

"పాయింటు కదల్లేదమ్మా. సెంటరు కదిలింది" అంది.

మా ఇంటికి శాపం. ఆయన ఇంట్లో కలిస్తే వరం. పైగా ఆయనకిది తూర్పు స్థలం. తూర్పు స్థలం అమ్మకానికొస్తే అప్పు చేసైనా కొనమంటారు. ఈ ఊరంతటిలో ఈ ఇంటికి అందరికంటే ఎక్కువ ఇవ్వగలిగిన మనిషి ఒకే ఒక్కడు. ఆయనే పాతికేళ్ళుగా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి దీని పోటు గురించి చెబుతున్నాడు.

ఈ నెలలో ఆయన ఆ పని కూడా చెయ్యలేదు. నేను చేసిపెట్టాను. జీతం బత్తెం లేకుండా.

డిసెంబర్ 15

ఎవరికీ చెప్పక్కర్లేదు. ముప్పావు వంతు మీద కాస్త వేసి నేను అడిగితే ఆవిడ నాకే ఇస్తారు. ఆవిడకి చలమయ్య గారిచ్చేదానికన్నా ఎక్కువే వస్తుంది. ఎవరికి నష్టం?

డిసెంబర్ 16

నిన్న రాసింది చదివాను. చివర్లో ప్రశ్న గుర్తు పెట్టాను. జవాబు తెలిసిన ప్రశ్నకే నేను అలా పెడతాను.

డిసెంబర్ 18

ఆవిడకి చెబితే చలమయ్య గారి దగ్గర రేటు లాగుతారు. ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఇల్లు వస్తుంది. వచ్చాక ఆవిడ ఎప్పుడైనా చూడ్డానికొస్తారు. కాఫీ ఇస్తాను. ఆవిడ తాగుతారు. నేను ఎదురుగా కూర్చోవాలి.

ఆదివారం పెదకాకాని వెళ్తాను. వెళ్ళి తీరతాను. అఖిలకి కూడా చెప్పేశాను, వెనక్కి తగ్గకుండా.

డిసెంబర్ 20

గాజులు తూకం వేయించాను. ఎందుకైనా మంచిదని.

డిసెంబర్ 21

బస్సు దిగి నడుస్తున్నంతసేపూ వాక్యాలు కూర్చుకున్నాను. అక్కడికెళ్ళేసరికి ఒక్కటీ మిగల్లేదు.

సుబ్బరావమ్మ గారు వరండాలో పీట వేసుకుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. "రా రా. ఆ చేట ఇటు జరుపు" అన్నారు. నేనూ కూర్చుని తీయడం మొదలుపెట్టాను. నాలుగు కాయలకే కళ్ళు మండాయి.

"ఒక మాట చెప్పాలండీ."

"చెప్పు. కళ్ళలో చెయ్యి పెట్టుకోకు."

ముందు నా సంగతి చెప్పాను. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళకి నేనే తేమ చూపించాననీ, పోటు గురించి అడక్కుండానే చెప్పాననీ. ఎందుకు చెప్పానో కూడా.

"తెలుసు" అన్నారు, చేతులాపకుండా. "ఆ పిడుగురాళ్ళావిడ ఫోన్ చేసింది. 'మీ ఇంట్లో అద్దెకున్నావిడ బంగారమండీ, లోపాలన్నీ దాచకుండా చెప్పింది' అంది. అద్దెకున్నోళ్ళు ఉన్నట్టుండి ఇంత బంగారం ఎందుకయ్యారా అని అప్పుడే అనుకున్నా."

"మరి నన్ను తిట్టలేదేం?"

"నువ్వే వచ్చి అడుగుతావేమోనని చూశా. తిట్టేదేముంది, మచ్చ నువ్వు పెట్టావా?"

అప్పుడు టేపు సంగతి చెప్పాను. పర్సులోంచి అఖిల కాగితం తీసి నేల మీద పరిచి, చెరిపేసిన గీత చూపించాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఇది ఆవిడకి తెలియదు.

"ఆయన మాట విని మా ఇంటాయన గేటు రెండుసార్లు మార్పించాడు" అన్నారు. "పోయేముందు కూడా ఆ పోటు గురించే దిగులు."

నేను కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

"మరి నాకెందుకు చెప్పావు ఇది? ఆయన ఎక్కువిస్తే ఇల్లు నీది కాదుగా."

"కాదండీ."

"ఇంకెందుకు?"

"చెప్పకుండా కొంటే ఆ ఇంట్లో ఉండలేను. ఉండటానికే కదండీ కొనేది."

నా వంక చూశారు. కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోను తీసి, స్పీకరు పెట్టి చలమయ్య గారికి చేశారు.

"చలమయ్యా, ఇంటి సంగతి. నీకు నిజంగా అక్కరకొచ్చేట్టుంటే సరైన రేటు చెప్పు. ఇవాళే మాట అనేసుకుందాం."

"నాకెందుకక్కయ్యా ఆ వాయవ్యం పోటు కొంప. ఏదో మీకు సాయం అవుద్దని అన్నా."

"మరి కొలతలు తీయించావంట?"

"గోడ కోసంలే. అయినా మూఢంలో బేరమేంటక్కయ్యా, ఎవరన్నా వింటే నవ్వుతారు. ఫాల్గుణం రానీ. అప్పటికి ఆ ముప్పావు కూడా వస్తదో రాదో."

"సరే చలమయ్యా. ఉంటా."

ఫోను పక్కన పెట్టి మళ్ళీ మిరపకాయ అందుకున్నారు. "నేనడిగా. ఆయన చెప్పాడు. అయిపోయింది. ఇప్పుడు నీ సంగతి. నీకు కావాలా ఇల్లు?"

నచ్చిన వస్తువు నచ్చిందని అమ్మేవాళ్ళ ముందు అనకూడదని మా అమ్మ చిన్నప్పుడు చీరాల చీరల కొట్లో గిల్లి మరీ నేర్పింది.

"కావాలండీ" అన్నాను.

"ఎంతకి?"

"మీరు మొదట అడిగిన రేటుకే."

"బేరమాడవా? పిల్లలకి అదేగా చెప్తావు కాలేజీలో."

"ఆడాల్సిన బేరమంతా నెలరోజులుగా మీ వెనక ఆడేశానండీ."

ఆవిడ నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. మిరప ఘాటు కూడా ఉందిలే. బయానా ఫోన్లో పంపనా అంటే, "ఫోన్లో పంపితే బయానా ఏంటి, చేతిలో పెట్టు" అన్నారు. పర్సులో బస్సు డబ్బులు ఉంచుకుని మిగిలింది ఆవిడ అరచేతిలో పెట్టాను. అరచెయ్యి ఎర్రగా ఉంది. అప్పుడు గుర్తొచ్చి, "మూఢం కదండీ" అన్నాను. నేను, వాస్తు నమ్మనిదాన్ని.

"పెళ్ళికి మూఢం. పాలు పొంగించడానికి మూఢం. మాటకేం మూఢం" అన్నారు.

తొడిమలు తీసిన కాయలు ఒక సంచీడు ఇచ్చి పంపారు.

డిసెంబర్ 22

భయంగా ఉంది. ఇరవై ఏళ్ళ లోను. ఆఖరి వాయిదా కట్టేసరికి నా వయసెంతో లెక్కేసి, ఆ కాగితం చింపేశాను.

జనవరి 4

లోను కాగితాలకి శివనాగరాజు సాయం కావాల్సి వచ్చింది. "మూఢంలో ఇల్లు కొన్నారా మేడం" అని నోరు తెరిచి, తేరుకుని, "మంచి పని చేశారు, అమ్మేవాళ్ళ రోజులు" అన్నాడు.

వాడికి చెబితే చలమయ్య గారి అరుగుకి చెప్పినట్టే. తెలిసే చెప్పాను.

జనవరి 8

సుబ్బరావమ్మ గారి ఫోను. చలమయ్య గారు కారు మాట్లాడుకుని పెదకాకాని వెళ్ళారట. నా రేటు మీద బాగా పైకి వెళ్ళారట.

స్టాఫ్ రూమ్ కుర్చీలో కూర్చున్నాను.

"మూఢంలో తీసుకున్న బయానా చెల్లదంట. శాస్త్రం చెప్పాడు నాకు" అన్నారు.

"మీరేమన్నారు?"

"మూఢంలో నువ్వు చెప్పిన అబద్ధం చెల్లిందిగా చలమయ్యా, బయానా కూడా చెల్లుద్దిలే అన్నా."

అక్కడితో ఊరుకోవచ్చు. నా వల్ల కాలేదు. "మీకు చాలా నష్టం కదండీ. ఇంకోసారి ఆలోచించుకోండి" అన్నాను. అంటూనే, ఆలోచించుకోకూడదని గుర్తొచ్చిన దేవుళ్ళకల్లా మొక్కాను.

"నువ్విచ్చే దాంతో ఈ పెదకాకాని ఇల్లు వచ్చుద్ది. ఆయనిచ్చే దాంతో కూడా ఈ ఇల్లే వచ్చుద్ది. రెండో ఇల్లు నేనేం చేసుకోను? పాఠం చెప్పుకో పో" అని పెట్టేశారు.

వెళ్ళి పాఠం చెప్పాను. రెండు గీతలూ గీశాను. అవి కలిసే చోట ధర అని రాయబోయి, కాసేపు చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత రాశాను. సిలబస్ సిలబసే.

జనవరి 25

గాజులు అమ్మేశాను. చెయ్యి తేలిగ్గా ఉంది. బోర్డు మీద రాస్తుంటే చప్పుడు లేదు.

ఫిబ్రవరి 20

రిజిస్ట్రేషన్ అయింది. మూఢం వెళ్ళింది. కొత్త మిరపకాయలు యార్డుకి వస్తున్నాయి. దారంతా ఆటోలో అందరం తుమ్ముకుంటూ వచ్చాం. సుబ్బరావమ్మ గారు సంతకం పెట్టాక మోటరు స్విచ్చి సంగతి మళ్ళీ గుర్తు చేశారు.

ఇంటికొచ్చేసరికి చలమయ్య గారు అరుగు మీదే ఉన్నారు. మాట్లాడరేమో అనుకున్నాను.

"ఇప్పుడు చెప్పు లెక్చరరమ్మా, ఎంతకిస్తావు?"

"ఇవి ఎవరి రోజులండీ? కొనేవాళ్ళవా, అమ్మేవాళ్ళవా?"

"నువ్వు అమ్ముతానంటే అమ్మేవాళ్ళవే."

"అమ్మనండీ."

కండువా దులిపి భుజం మార్చుకున్నారు. "అమ్మనిదానికి ఇంక రోజులెక్కడివి" అన్నారు. మళ్ళీ ఆయనే, "మోటరు పాతది. చూసుకో, ట్యాంకు పొర్లుద్ది" అన్నారు. ముప్పై ఏళ్ళ యార్డు మనిషి. బేరం పోయినా పలకరింపు పోగొట్టుకోడు. లేక ముందు ముందు మళ్ళీ అడగొచ్చని చూస్తున్నాడేమో. ఏమో.

సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాను. వీధి ఆ చివర నుంచి ఈ చివరిదాకా కనిపిస్తుంది. ట్యూషన్ నుంచి అఖిల సైకిలు మలుపు తిరగడం, దారిలో ఎవరితోనో ఆగి మాట్లాడటం, నన్ను చూసి బెల్లు కొట్టడం అన్నీ చూశాను. పదకొండేళ్ళుగా చూస్తున్నదే. సోమవారం నుంచి దానికి పరీక్షలు. ఖాళీ చెయ్యక్కర్లేదు.

తర్వాత పై వాటాకి వెళ్ళి, వెనక గదిలో లైటు వేసి, ఆ మచ్చ చూశాను. వచ్చినవాళ్ళందరికీ అరచెయ్యంత ఉంటుందండీ అని చెప్పేదాన్ని. చెయ్యి ఆనించి చూశాను. రెండు చేతులూ ఆనించినా ఇంకా మిగిలింది. వేలితో గీకితే సున్నం పొర లేచి, దాని వెనక ఇంకా ఉంది.

అంటే ఎక్కువేం చెప్పలేదు. తక్కువే చెప్పాను.

రేపు మేస్త్రీని పిలవాలి.